దగ్గుతో ఆసుపత్రి గడప తొక్కిన మనిషి

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



ముందుగా ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆయన్ని తలుచుకుందాం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ రావలసినవారు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో బయటికి వచ్చారు. ఆపైన అమెరికా చేరుకున్నారు. హార్వర్డ్‌లో ఉండగా సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. తర్వాత లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ ఆ కాలంలో వచ్చినవే. తన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి మందు వెతకాలన్న పట్టుదల ఆయన్ని చివరిదాకా వదల్లేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, పరాయి గడ్డ మీద కన్నుమూశారు. ఇవాళ గర్భిణి చేతిలో ఏఎన్‌ఎం పెట్టే ఐరన్ ఫోలిక్ మాత్రలో ఆయన శ్రమ ఉంది. ఏటా ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రలో ఆయన శ్రమ ఉంది.

ఆయనది జీవరసాయనం, నాది సమాజశాస్త్రం. మాత్ర తయారై డబ్బాలో పడేదాకా ఆయన విద్య నడిపిస్తుంది. ఆ డబ్బా నుంచి మనిషి నోటిదాకా ఉన్న దారిని నేను చదువుకున్నాను. ఆ దారి ఎంత పొడవైందో, దాని మీద ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పడానికి ఈ గంట వాడుకుంటాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రజారోగ్యంలో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా అవగాహన సదస్సు నుంచో, కమిటీ నుంచో మొదలుపెడతాం. అసలు మొదలు అంతకంటే చాలా ముందు ఉంది. ఒంట్లో బాగాలేని మనిషి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, తన కాళ్ల మీద తాను ఆసుపత్రికి వచ్చినప్పుడే తన వంతు చేశాడు. దానికి మన వ్యవస్థ ఏం బదులిచ్చింది? ఈ ప్రశ్నకు మన దేశంలోనే, మన పొరుగునే జరిగిన ఒక గొప్ప పరిశోధన జవాబు చెప్పింది. అది 1963లో అచ్చయింది. మనం దాన్ని చదవాల్సినంతగా చదవలేదని నా బాధ.

1

కథ క్షయతో మొదలవుతుంది. అందరం టీబీ అనే అంటాం కాబట్టి నేనూ అలాగే అంటాను.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఈ సభలో చాలామందికి తెలుసు. అక్కడి శానిటోరియం 1915లో మొదలైంది. ఆ రోజుల్లో టీబీకి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. నెలల తరబడి మంచం మీద ఉండగలిగినవాళ్లకే ఆ వైద్యం అందేది. రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి నెలల విశ్రాంతి ఎవరిస్తారు? 1940లలో, 50లలో మందులు వచ్చాయి. అయినా రోగిని ఆసుపత్రిలో ఉంచే వైద్యం చేయాలన్న నమ్మకం వైద్యుల్లో గట్టిగానే ఉంది. దేశంలో ఉన్న రోగులేమో లక్షల్లో, శానిటోరియం మంచాలేమో వేలల్లో.

1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టిన కేంద్రం అది. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో 193 మంది రోగులను తీసుకున్నారు. అందరూ పేదలే, మద్రాసు ఇరుకు వాడల్లో ఒకే గదిలో సంసారం ఈదుతున్నవాళ్లు. చీట్లు తీసినట్టు వాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో ఉంది. రెండో గుంపు తమ ఇళ్లలోనే ఉండి మందులు వాడింది. రెండు గుంపులకూ ఒకే మందులు, ఏడాది పాటు. శానిటోరియంలో ఉన్నవాళ్లకు తిండి మెరుగు, విశ్రాంతి ఎక్కువ, చూసుకునే నర్సులున్నారు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇవేవీ లేవు.

1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. తర్వాత ఐదేళ్లు ఆ కుటుంబాలను గమనిస్తే, రోగి ఇంట్లో ఉండటం వల్ల ఇంటిల్లిపాదికీ అదనంగా జబ్బు అంటుకున్నదేమీ కనిపించలేదు. ప్రపంచం మొత్తం టీబీ వైద్యాన్ని శానిటోరియం నుంచి ఇంటికి తెచ్చింది ఈ మద్రాసు వాడల జనమే. ఈ ప్రయోగాన్ని వైద్యశాస్త్ర విజయంగా చెప్పుకుంటారు, అది నిజమే. నేను ఇంకొకటి కూడా చూస్తాను. చదువు లేని, తిండికి కటకటలాడే మనిషి ఏడాది పాటు క్రమం తప్పకుండా మందు వాడగలడని అంతకుముందు పెద్ద డాక్టర్లు నమ్మలేదు. మందు చేతికి అందిస్తే, ఇంటికి వచ్చి పలకరించేవాళ్లుంటే వాడగలడని ఆ ఏడాది తేలింది.

2

అక్కడితో ఒక ప్రశ్న తీరి, ఇంకోటి లేచింది. ఇంట్లోనే వైద్యం చేయొచ్చు, సరే. రోగిని పట్టుకోవడం ఎలా? 1955 నుంచి 58 వరకు జరిగిన జాతీయ సర్వేలో టీబీ పట్నాల్లో ఎంత ఉందో పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉందని బయటపడింది. లక్షల పల్లెల్లో రోగులున్నారు. ఎక్స్‌రే యంత్రాన్ని బండి మీద పెట్టుకుని ఊరూరా తిరగాలా? అంత డబ్బు, అంతమంది సిబ్బంది ఎక్కడిది?

బెంగళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. అందులో దేబబర్ బెనర్జీ చేరారు. వైద్యుడు, ఆపైన మానవశాస్త్రం చదివినవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన స్టిగ్ ఆండర్సన్ ఆయనకు తోడయ్యారు. తుమకూరు జిల్లాలో అప్పుడే ఇంటింటి ఎక్స్‌రే సర్వే జరిగింది. జబ్బు ఉందని తేలినవాళ్ల పేర్లు చేతిలో ఉన్నాయి. వీళ్లిద్దరి బృందం ఆ మనుషుల ఇళ్లకు వెళ్లింది. పోల్చి చూడటానికి అదే వయసు ఉన్న, జబ్బు లేని మనుషులనూ కలిసింది. అడిగినవి చిన్న ప్రశ్నలు. ఒంట్లో ఎలా ఉంది? దగ్గు, జ్వరం, నెత్తురు పడటం లాంటివి ఉన్నాయా? వాటి గురించి బెంగగా ఉందా? బెంగ ఉంటే ఎక్కడికైనా వెళ్లి చూపించుకున్నావా?

తెమడలో క్రిములు కనిపించిన రోగుల్లో దాదాపు 95 శాతం మందికి తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సుమారు 72 శాతం మంది దాని గురించి బెంగపడుతున్నారు. సుమారు 52 శాతం మంది వైద్యం కోసం ఇల్లు కదిలారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇవి 1960 నాటి మైసూరు రాష్ట్రపు పల్లెలు. రోడ్లు తక్కువ, బస్సులు తక్కువ. టీబీ గురించి గోడల మీద రాతలు లేవు, రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఒకటి ఉంటే గొప్ప. ఏ ప్రచారమూ లేకుండా, ఎవరూ చెప్పకుండా, అంటువ్యాధి ఉన్నవాళ్లలో సగం మందికి పైగా తమంతట తాము ప్రభుత్వ వైద్యశాలకు వచ్చేశారు. మరి వాళ్లకు టీబీ ఉందని ఎందుకు తేలలేదు? వాళ్ల తెమడ ఎవరూ పరీక్షించలేదు. చేతిలో ఒక దగ్గు మందు సీసా పెట్టి పంపేశారు.

ఈ సభలో అరవై దాటినవాళ్లకు ఆ సీసా గుర్తుండే ఉంటుంది. సీసా ఆసుపత్రివాళ్లు ఇచ్చేవాళ్లు కాదు, మనమే ఇంటి నుంచి కడిగి తీసుకెళ్లాలి. కాంపౌండర్ పెద్ద జాడీలోంచి ఎర్రటి మిక్చరు వంచి పోసేవాడు. మోతాదు తెలియడానికి ఒక కాగితం పట్టీని మడిచి, అంచులు కత్తిరించి, జిగురుతో సీసాకి అతికించేవాడు. పట్టీ మీద ఒక గంటు దిగితే ఒక పూట మందు అయిపోయినట్టు. దగ్గు ఎవరిదైనా, ఎన్ని వారాలదైనా అదే జాడీ. ఆ సీసా పట్టుకుని ఇంటికెళ్లిన మనిషికి మూడో రోజుకు దగ్గు తగ్గదు. పదో రోజుకు కూడా తగ్గదు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే. తర్వాత అతను ఊళ్లో మందులిచ్చే మనిషి దగ్గరికి పోతాడు, సూది మందు వేయించుకుంటాడు, అప్పు చేస్తాడు. ఈలోగా ఇంట్లో పిల్లలు దగ్గడం మొదలుపెడతారు.

ఆ మనిషికి అవగాహన లేదని మనం రిపోర్టులు రాశాం. అవగాహన లోపం ఉన్నది కౌంటరుకు ఇవతల నిలబడ్డవాడికా, అవతల కూర్చున్నవాడికా? దీనికి తుమకూరు అధ్యయనం ఇచ్చిన జవాబు స్పష్టంగా ఉంది. విద్యార్థులకు నా విన్నపం: ప్రజల అజ్ఞానం గురించి ఎవరైనా వాక్యం రాస్తే, ఆ ప్రజలు అంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్లి వచ్చారో రాశారా అని వెతకండి. చాలాసార్లు ఆ పేజీ ఉండదు.

బెనర్జీ ఆ తర్వాత ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్య కేంద్రాన్ని నిలబెట్టారు. వివిధ రాష్ట్రాల్లోని 19 గ్రామాలను ఏళ్ల తరబడి చూసి 1982లో పేదరికం, వర్గం, ఆరోగ్య సంస్కృతి గురించి ఒక పుస్తకం తెచ్చారు. పల్లెజనం మూఢనమ్మకాల వల్ల డాక్టరు దగ్గరికి రారన్న మాటకు ఆ పుస్తకం గట్టి దెబ్బ. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు అయితే, అందుబాటులో ఉంటే, స్తోమత ఉంటే, వాళ్లు ఆధునిక వైద్యానికే మొగ్గు చూపారు. రాలేకపోతే కారణం చాలావరకు దూరం, డబ్బు, అక్కడ ఎదురయ్యే చిన్నచూపు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఊరి పెద్దల గుమ్మానికి దగ్గరగా, పేదల వాడలకు దూరంగా నడుస్తుందని ఆయన మొహమాటం లేకుండా రాశారు.

3

తుమకూరు పరిశోధన అల్మరాలో ఉండిపోలేదు. అది అచ్చవ్వకముందే, 1962లో మొదలైన జాతీయ టీబీ కార్యక్రమాన్ని దీని మీదే కట్టారు. రోగి ఎలాగూ మామూలు ఆసుపత్రికి వస్తున్నాడు కాబట్టి, అక్కడే మైక్రోస్కోపు పెట్టు, అక్కడే తెమడ చూడు, అక్కడే మందివ్వు. ఎంత సూటి ఆలోచనో చూడండి. జిల్లా టీబీ కార్యక్రమం నమూనాను మొదట్లో పెట్టి చూసిన చోట్లలో మన అనంతపురం జిల్లా ఉంది. ఆ రోజుల్లో బెంగళూరు సంస్థలో పనిచేసిన డెన్మార్క్ వైద్యుడు హాఫ్‌డాన్ మాలర్ 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆరోగ్య సేవల ప్రణాళికలోనూ అమలులోనూ పాలుపంచుకోవడం ప్రజల హక్కు అని 1978లో ఆల్మా ఆటా ప్రకటన చెప్పినప్పుడు ఆ సంస్థను నడిపిస్తున్నది ఆయనే. భారతదేశపు పల్లెల్లో గడిపిన సంవత్సరాలు ఆయన ఆలోచనలో ఉన్నాయనే నేననుకుంటాను.

కానీ ఆలోచన ఎంత సూటిదైనా, దాన్ని మోయాల్సింది పీహెచ్‌సీ. ఆ పీహెచ్‌సీనే మనం బలహీనంగా ఉంచాం. తర్వాతి దశాబ్దాల్లో దాని మీద కుటుంబ నియంత్రణ లక్ష్యాలు వచ్చి పడ్డాయి. ఏఎన్‌ఎం ఎంతమందిని ఆపరేషన్‌కి తెచ్చిందన్నదే లెక్క అయింది. దగ్గుతో వచ్చినవాడి తెమడ చూశారా అని అడిగేవాళ్లు లేరు. మైక్రోస్కోపు ఉన్నచోట టెక్నీషియన్ లేడు, టెక్నీషియన్ ఉన్నచోట మందు లేదు. 1992లో కార్యక్రమాన్ని సమీక్షిస్తే నిర్ధారణా పేలవంగా ఉంది, మందు పూర్తిగా వాడినవాళ్లూ తక్కువే. ఆ తర్వాతే కార్యక్రమాన్ని సవరించి, 1997 నుంచి దేశమంతటా విస్తరించారు. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మాత్ర మింగించే పద్ధతి, అదే డాట్స్, అలా వచ్చింది.

మందు మధ్యలో మానేసే రోగి మీద బెనర్జీ, ఆండర్సన్ 1963లోనే ఇంకో అధ్యయనం అచ్చువేశారు. అది బెంగళూరు నగర కార్యక్రమం గురించి. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. రెండు నెలలు మందు వాడేసరికి దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు కాస్త తేరుకుంటుంది. ఇంకా నాలుగు నెలలు వాడాలంటే పనిలోకి వెళ్లొద్దా? మహబూబ్‌నగర్ నుంచి ముంబైకో పుణెకో పనికి పోయే మేస్త్రీ గుంపులో రోగి ఉంటే, వాళ్లు బస్సు ఎక్కే రోజును బట్టి మన మందుల తేదీ మారుతుందా? ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వచ్చే మాత్ర, తిండి లేని మనిషికి ఎలా ఇచ్చాం? రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పామా? చెప్పకపోతే ఆ మనిషి నెత్తురు పోతోందని హడలిపోయి మాత్ర మానేస్తాడు. ఆ భయాన్ని నేను అజ్ఞానమనను. అతనికి చెప్పాల్సింది మనం చెప్పలేదు.

తిండి సంగతి ఈ మధ్యే గట్టి రుజువుతో తేలింది. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో ఉన్న పదివేల మందికి పైగా మనుషుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. ఇంటిల్లిపాదికీ తిండి దినుసులు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటించే రకం టీబీ అయితే 48 శాతం తగ్గింది. మద్రాసు ప్రయోగం తర్వాత అరవై ఏళ్లు తిండిని మనం పక్కన పెట్టాం. ఇంట్లో ఉన్న రోగికి నయమైంది కదా అని, అతని ఇంట్లోవాళ్ల కంచాల్లో ఏముందో చూడటం మానేశాం. 2018లో రోగికి నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలైంది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. మంచిదే. కానీ అది రోగి ఖాతాలో పడే డబ్బు. ఝార్ఖండ్ రుజువు ఇంటిల్లిపాది గురించి మాట్లాడుతోంది.

4

ఇప్పుడొక అభ్యంతరం. మీలో కొందరికి ఇప్పటికే తట్టి ఉంటుంది. 2019 నుంచి 21 వరకు జరిగిన జాతీయ టీబీ సర్వేలో, టీబీ లక్షణాలున్న మనుషుల్లో 64 శాతం మంది ఎక్కడా చూపించుకోలేదని తేలింది. లక్షణాలను పట్టించుకోలేదని వాళ్లలో ఎక్కువమంది చెప్పారు. ఎక్స్‌రే తీయకపోతే ఆ సర్వేలో దొరికిన రోగుల్లో నూటికి 40 మందికి పైగా దొరికేవాళ్లే కాదు. మరి ప్రజలు తమంతట తామే వస్తారన్న మీ తుమకూరు మాట ఇప్పుడు నిలుస్తుందా అని అడగవచ్చు.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టేముందు ఒక జాగ్రత్త అవసరం. తుమకూరు సంఖ్య తెమడలో క్రిములు దొరికిన రోగుల గురించి. కొత్త సర్వే సంఖ్య లక్షణాలున్న అందరి గురించి, వాళ్లలో అత్యధికులకు టీబీ లేదు. రెండూ ఒకటి కావు. అయినా ఆ 64ను తేలిగ్గా తీసుకోకూడదు. వచ్చినవాళ్ల కోసం కూర్చుంటే చాలదని, లక్షణాలు బయటపడని జబ్బు కోసం మనమే వెళ్లి వెతకాలని ఆ సర్వే చెప్పింది. నేను దానికి తల ఒగ్గుతాను.

ఇక పట్టించుకోలేదన్న జవాబు గురించి నా అభిప్రాయం చెబుతాను. దగ్గుకు తాతకు సీసా ఇచ్చాం. తండ్రికి మాత్రల పొట్లం ఇచ్చాం, ఏ జబ్బో చెప్పలేదు. మనవడు దగ్గు వస్తే ఇంట్లోనే ఉంటున్నాడు. ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు కూలి పోతుందని, వచ్చేది ఏమీ లేదని ఆ ఇల్లు మూడు తరాలుగా చూసింది. దాన్ని నేను నిర్లక్ష్యమనలేను.

పైగా ఎక్కడా చూపించుకోనివాళ్ల పక్కనే, వెళ్లాల్సిన చోటికి తప్ప అన్ని చోట్లకూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం మొదట వెళ్లేది ఊళ్లో ఆర్‌ఎంపీ అని పిలుచుకునే మనిషి దగ్గరికో, పట్నంలో ప్రైవేటు క్లినిక్కుకో. హైదరాబాదులో మహావీర్ ఆసుపత్రి 1995లో ఈ నిజాన్ని ఒప్పుకుని పని మొదలుపెట్టింది. చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లను పోటీదారులుగా చూడకుండా, మీ దగ్గరికి వచ్చిన దగ్గు రోగిని మా దగ్గరికి పంపండి, మందు మేం ఉచితంగా ఇస్తాం, రోగి మీ రోగిగానే ఉంటాడు అంది. రోగి ఇంటికి దగ్గర్లోని నర్సింగ్ హోముల్లోనే మందు వేసుకునే ఏర్పాటు చేసింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి దేశంలో అది తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆ పని ఎందుకు ఫలించింది? జనం ఏ గడప తొక్కుతున్నారో ముందు చూసి, కార్యక్రమాన్ని ఆ గడప దగ్గరికి తీసుకెళ్లారు కాబట్టి.

5

సుబ్బారావు గారి మందు దగ్గరికి వస్తాను. గోదావరి జిల్లాలవాళ్లకు బోదకాలు గురించి నేను చెప్పక్కర్లేదు. కాకినాడ, సామర్లకోట ప్రాంతంలో ఒక్కో ఇంట్లో ఒక కాలు వాచిన మనిషి ఉన్న రోజులు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

టీబీ రోగి తనంతట తాను వస్తాడు. బోదకాలు నివారణలో మనం ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంటికి వెళ్లి, నీకు ఏ బాధా లేకపోయినా ఈ మాత్రలు వేసుకో అని అడుగుతాం. 2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇలా మాత్రలు పంచుతున్నారు. రక్తంలో ఆ సూక్ష్మ క్రిములు ఉన్న మనిషికి మాత్ర వేసుకున్న రాత్రి జ్వరం, తలనొప్పి రావచ్చు. క్రిములు చస్తున్నాయి కాబట్టి వస్తుంది, అంటే మందు పనిచేస్తోందని అర్థం. ఈ మాట ముందే చెప్పని ఊళ్లో మర్నాడు ఏం జరుగుతుందో ఆశాలకు తెలుసు. మాత్రలు వికటించాయని కబురు వాడవాడా పాకుతుంది. మరుసటి ఏడు అందరూ చేతులు చాపి మాత్రలు తీసుకుంటారు, వెళ్లగానే పడేస్తారు. రిజిస్టరులో పంచినట్టు ఉంటుంది, కడుపులోకి మాత్రం వెళ్లవు. నా లెక్కలో ఇది ప్రజల తప్పు కాదు. ఆరోగ్యవంతుడి ఒంట్లోకి మందు పంపాలంటే అతని నమ్మకం ముందు కావాలి. ఆ నమ్మకం ఏడాదికి ఒక్కరోజు వచ్చి మాత్రలు పంచి వెళ్తే దొరకదు. మిగతా 364 రోజులు ఆ ఊరి దగ్గుకు, జ్వరానికి, కాన్పుకు మనం ఎలా స్పందించామో దాన్ని బట్టి దొరుకుతుంది.

కేరళలో చేర్తలలో జరిగింది చెబుతాను. అక్కడి బోదకాలును మోసే దోమ చెరువుల్లో అంతరతామర మొక్కల వేళ్లను పట్టుకుని పెరుగుతుంది. ఆ మొక్క తీసేస్తే దోమ ఉండదు. కానీ అక్కడి రైతులు దాన్ని కావాలనే పెంచుకునేవాళ్లు, కొబ్బరి చెట్లకు ఎరువుగా వేయడానికి. ఎన్ని సదస్సులు పెట్టినా కొబ్బరి మీద బతికే రైతు ఎరువును ఎందుకు వదులుకుంటాడు? పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం 1980లలో అక్కడికి వెళ్లి, ఆ చెరువుల్లో చేపలు పెంచే పని నేర్పింది. అంతరతామర తీస్తే చేపలు పెరుగుతాయి, చేపలు అమ్మితే డబ్బు వస్తుంది. బళ్లలో పిల్లలు సంఘాలుగా ఏర్పడ్డారు, ఊళ్లు కదిలాయి. దోమ గురించి తెలిసిన శాస్త్రవేత్త, చెరువు గురించి తెలిసిన రైతు ఒకరి లెక్క ఒకరు విన్నారు. వెళ్లిన శాస్త్రవేత్త తన కార్యక్రమాన్ని మార్చుకున్నాడు. కార్యక్రమం మారనిచోట భాగస్వామ్యం జరిగిందని నేను ఒప్పుకోను.

6

మన నేల మీద ప్రజలే ఆరోగ్య సమస్య ఏమిటో చెప్పి, ప్రభుత్వం వెనక నడిచిన సందర్భం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమంలో చదువుకుంటున్న ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణాన్ని ఆపించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు మీ అందరికీ తెలుసు. ఆ కదలిక జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది.  నేను గుర్తు చేసేది ఆ ఆడవాళ్లను ఏ ఆరోగ్య శాఖా పిలవలేదన్నది. భర్త కాలేయం, పిల్లల కడుపు, తమ ఒంటి మీద దెబ్బలు, ఇంటి అప్పు, ఇవన్నీ ఒకే సమస్య అని వాళ్లే లెక్క కట్టారు. మన శాఖలు ఆ నాలుగింటినీ నాలుగు ఫైళ్లలో పెట్టి ఉండేవి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు గ్రామ ఆరోగ్య కమిటీలు వచ్చాయి. ఏడాదికి పదివేల రూపాయలు, సర్పంచి, ఏఎన్‌ఎం పేర్ల మీద ఉమ్మడి ఖాతా. చాలా ఊళ్లలో ఆ డబ్బు బ్లీచింగ్ పౌడరుకు పోయింది, కమిటీ సమావేశం రిజిస్టరులో సంతకాలుగా మిగిలింది. సమావేశం పొద్దున పదకొండింటికి పెడితే కూలికి వెళ్లేవాళ్లు ఎలా వస్తారు? దళితవాడ నుంచి ఒక మనిషి కుర్చీలో కూర్చుని పీహెచ్‌సీ డాక్టరును ప్రశ్న అడగగలిగిన ఊళ్లు నేను చూశాను, తక్కువే కానీ ఉన్నాయి. ఆ ఊళ్లలో సబ్‌సెంటరు తలుపు తెరిచి ఉండటం కూడా చూశాను.

అదే ఏడాది ఆశాలు వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వాళ్లను సత్కరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాళ్ల గౌరవవేతనం 10,000కు పెరిగింది. వాళ్లను ఊరి ప్రతినిధులుగా రమ్మన్నాం. ఇవాళ వాళ్లు ఫోనులో నాలుగైదు యాప్‌లు నింపుతూ, మన లెక్కలను ఊరికి మోసుకెళ్తున్నారు. ఊరి మాటను మన దగ్గరికి మోసుకురావడానికి వాళ్ల చేతుల్లో ఏ రిజిస్టరూ లేదు. ఈ సభలో ఉన్న అధికారులను నేను నేరుగా అడుగుతున్నాను. ఆశా ఊళ్లో విన్న ఫిర్యాదు మీ నెలవారీ సమీక్షలో ఏ గడిలో రాస్తారు?

టీబీని 2025 కల్లా లేకుండా చేస్తామని దేశం మాట ఇచ్చింది. ఆ గడువు వచ్చింది, జబ్బు పోలేదు. బోదకాలుకు 2027 అని గడువు పెట్టుకున్నాం. గడువులను నేను తప్పుపట్టను, గడువు లేకపోతే పని కదలదు. కానీ ఆ గడువుల పట్టికల్లో ప్రజలు మాత్రలు మింగాల్సినవాళ్లుగా, పరీక్షలకు రావాల్సినవాళ్లుగానే కనిపిస్తున్నారు. ఏం చేయాలో చెప్పగలిగినవాళ్లుగా ఎక్కడా కనిపించరు.

అందుకే ఒక చిన్న పని అడిగి ముగిస్తాను. ఇక్కడ ఉన్న విద్యార్థులు, యువ వైద్యులు మీకు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి ఒక సోమవారం పొద్దున్నే వెళ్లండి. ఓపీ చీటీ రాసే బల్ల పక్కన కూర్చోండి. రెండు వారాలకు మించి దగ్గుతున్న ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడగండి: ఈ దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, ఇక్కడికి రాకముందు ఎవరెవరికి చూపించుకున్నావు, వాళ్లు నీకు ఏమిచ్చారు. వచ్చిన ఆ మనిషి తెమడ ఆ రోజే పరీక్షకు వెళ్లిందో లేదో కూడా రాయండి. పేర్లు వద్దు, లెక్క చాలు. అలా నాలుగు సోమవారాలు చేయండి. ఆ కాగితాన్ని పీహెచ్‌సీ డాక్టరుకు ఒకటి, సర్పంచికి ఒకటి ఇవ్వండి. వచ్చే గ్రామసభలో దాన్ని అందరి ముందు చదివి వినిపించమని ఇద్దరినీ అడగండి.